పెద్దప్రేగులో తిత్తులు: కుడివైపునా, ఎడమవైపునా?

భద్రాచలం చుట్టుపట్ల పల్లెలలో ఎవరికైనా పొత్తికడుపు కుడిభాగాన నొప్పి పట్టుకొని, ఒళ్ళు వెచ్చబడి, నడుము వంచి నడవవలసి వచ్చినదంటే, చూసినవారు చెప్పే మాట ఒక్కటే: “ఇది ఇరవైనాలుగు గంటల నొప్పి.” ఉండుకము వాయడానికి, అనగా అపెండిసైటిస్‌కు, మన జనం పెట్టుకొన్న పేరు ఇది. ఒక రోజులోగా ఆపరేషను కాకపోతే ప్రాణం దక్కదనే భయంలోనుంచి పుట్టిన పేరు కాబోలు. శాస్త్రానికి సరిపోయినా సరిపోకపోయినా పేరు మంచిదే. ఆ భయం వల్లనే మనుషులు మంత్రాలకూ మూలికలకూ కాలయాపన చేయక ఆసుపత్రికి పోతున్నారు.

అయితే ఆపరేషను బల్లపై కడుపు తెరిచిన శస్త్రవైద్యునికి ఒక్కొక్కప్పుడు వింత ఎదురవుతుంది. వాచి ఉండవలసిన ఉండుకము చక్కగా, లేతగులాబి రంగులో, ఏ జబ్బూ లేకుండా కనిపిస్తుంది. దాని ప్రక్కనే పెద్దప్రేగు గోడమీద బఠాణీగింజంత తిత్తి ఒకటి ఎర్రగా వాచి, చుట్టూ కొవ్వు గట్టిపడి ఉంటుంది. రోగికి వచ్చినది ఇరవైనాలుగు గంటల నొప్పి కాదు, దాని వేషం వేసుకొని వచ్చిన మరొక జబ్బు. దీనిని డైవర్టిక్యులైటిస్ అంటారు. మనం ఈ వ్యాసంలో తిత్తివాపు అనుకొందాము. అంధనాళంలో వచ్చిన తిత్తివాపును మొదటిసారిగా వర్ణించినవాడు పోటియే. ఆయన నివేదిక 1912లో పారిస్‌లో వెలువడినది.

ఇంగ్లీషు వైద్యగ్రంథం తెరిచి చూస్తే ఈ జబ్బు ఎడమవైపు వచ్చేదని ఉంటుంది. “ఎడమవైపు అపెండిసైటిస్” అని దానికి ఒక ముద్దుపేరు కూడా ఉన్నది. జపానులోనో కొరియాలోనో అచ్చయిన గ్రంథం చూస్తే కుడివైపు వచ్చేదే ఎక్కువ అని కనబడుతుంది. రెండూ అబద్ధాలు కావు. ఒకే అవయవానికి వచ్చే ఒకే జబ్బు ఒక ఖండంలో ఎడమను, మరొక ఖండంలో కుడిని ఎందుకు ఎన్నుకొంటున్నది? ఈ ప్రశ్నకు పూర్తి జవాబు దొరకలేదు. కాని దొరికినంతవరకు చూచినా అది ఆసక్తికరంగానే ఉంటుంది, రోగికి ఉపయోగపడేదిగానూ ఉంటుంది.

మొదట పెద్దప్రేగు దారి చూడవలెను. దీని పొడవు సుమారు ఒకటిన్నర మీటరు. ఉపాధ్యాయులు నల్లబల్లపై తలక్రిందులుగా యూ అక్షరం గీస్తే చాలు, బొమ్మ తయారవుతుంది. శరీరానికి కుడివైపు క్రిందిమూలన చిన్నప్రేగు వచ్చి కలిసేచోట సంచివంటి అంధనాళం ఉన్నది. దానికి తోకలాగా వ్రేలాడేదే ఉండుకము. అక్కడినుండి ప్రేగు కాలేయం వరకు పైకి ఎక్కుతుంది. కడుపుకు అడ్డంగా ఎడమకు పోతుంది. ప్లీహం దగ్గర మలుపు తిరిగి క్రిందికి దిగుతుంది. చివరకు ఎస్ అక్షరంలా వంపు తిరిగి పురీషనాళంలో చేరుతుంది. ఈ వంపుభాగాన్ని సిగ్మాయిడ్ అంటారు. సిగ్మా అనేది గ్రీకుభాషలో ‘స’ అక్షరం.

గోదావరి భద్రాచలం రేవు దగ్గర ఎంత వెడల్పుగా పారుతుందో, అదే నది దిగువన పాపికొండల నడుమ ఎంత ఇరుకున పడుతుందో చూచినవారికి పెద్దప్రేగు స్వరూపం సులభంగా తెలుస్తుంది. మొదట అంధనాళం దగ్గర అడ్డుకొలత సుమారు ఏడున్నర సెంటీమీటర్లు. చివర సిగ్మాయిడ్ దగ్గర అది సుమారు రెండున్నర సెంటీమీటర్లే. పోలిక ఇంతవరకే. ఇరుకులో గోదావరి నీరు ఆగదు. ప్రేగులోని పదార్థం మాత్రం ముందుకు పోయేకొద్దీ నీరు పీల్చబడి, మొదట అంబలిలా ఉన్నది చివరకు గట్టిముద్ద అవుతుంది. అందుచేత గట్టిపదార్థాన్ని ఇరుకుగొట్టంలోనుంచి నెట్టవలసిన పని సిగ్మాయిడ్ మీద పడుతున్నది.

ఇక తిత్తి ఎలా ఏర్పడుతుంది? ప్రేగుగోడకు లోపల మెత్తని శ్లేష్మపుపొర, బయట కండరపుపొరలు ఉన్నవి. కండరానికి, పొరకు రక్తం అందించే సన్నని నాళాలు బయటినుండి కండరాన్ని చీల్చుకొని లోపలికి పోతాయి. ఆ రంధ్రాలే గోడలోని బలహీనస్థానాలు. సైకిలు టైరు ఒకచోట చీలితే లోపలి ట్యూబు ఆ చీలికగుండా బుడగలా పైకి ఉబకడం అందరూ చూచినదే. అదేవిధంగా ప్రేగులో ఒత్తిడి ఎక్కువైనప్పుడు శ్లేష్మపుపొర ఈ రంధ్రాలగుండా బయటకు ఉబికి తిత్తి కడుతుంది. తిత్తిగోడలో కండరం ఉండదు కాబట్టి వైద్యులు దీనిని నకిలీ తిత్తి అంటారు. పుట్టుకతోనే గోడ పొరలన్నిటితో కూడి ఏర్పడిన తిత్తి అసలు తిత్తి. కుడివైపు కనిపించే తిత్తులన్నీ పుట్టుకతో వచ్చిన ఒంటితిత్తులే అని చాలాకాలం నమ్మారు. ఆసియావారి ప్రేగులను పరీక్షించిన పిమ్మట ఆ నమ్మకం నిలువలేదు. కుడివైపువి కూడా ఎక్కువభాగం నకిలీతిత్తులే, చాలామందిలో అవి ఒకటికంటె ఎక్కువే.

ఇక్కడ భౌతికశాస్త్రం బోధించే ఉపాధ్యాయులకు ఒక చక్కని ఉదాహరణ ఉన్నది. లాప్లాసు సూత్రం ప్రకారం గొట్టపు గోడలోని బిగువు, లోపలి ఒత్తిడిని వ్యాసార్ధంతో గుణించగా వచ్చే విలువకు సరిపోతుంది. అంటే కండరం ఒకే బిగువుతో బిగిసినప్పుడు గొట్టం ఎంత సన్ననిదైతే లోపల ఒత్తిడి అంత ఎక్కువ. అంధనాళం వ్యాసార్ధంలో మూడోవంతు ఉన్న సిగ్మాయిడ్‌లో అదే బిగువు మూడురెట్ల ఒత్తిడి పుట్టిస్తుంది. పైగా సిగ్మాయిడ్ కండరం అక్కడక్కడ ఉంగరాలలాగా బిగుసుకొని గొట్టాన్ని చిన్నచిన్న గదులుగా మూసివేస్తుంది. రెండువైపులా మూసుకొన్న గదిలో ఒత్తిడి పోవడానికి దారి ఉండదు. ఈ ఒత్తిళ్ళను 1960 దశకంలో కొలిచి చూపినవాడు బ్రిటిషు శస్త్రవైద్యుడు నీల్ పెయింటర్. అదే సూత్రాన్ని తిరగవేసి చూడండి: లోపలి ఒత్తిడి అంతటా ఒకటే అయినప్పుడు వెడల్పైన గొట్టపు గోడకే బిగువు ఎక్కువ. అందుకే పెద్దప్రేగు చివర ఎక్కడైనా పూర్తిగా మూసుకొనిపోతే మొదట పగిలే ప్రమాదం అంధనాళానికే. ఒకే సూత్రం సిగ్మాయిడ్‌కు తిత్తులు ఎందుకు వస్తాయో చెపుతుంది, అంధనాళం ఎందుకు పగులుతుందో కూడా చెపుతుంది. కాని అంధనాళానికి తిత్తులు ఎందుకు వస్తాయో మాత్రం చెప్పలేదు.

ఐరోపా, అమెరికాల లెక్కలు ఈ సూత్రానికి చక్కగా ఒదుగుతాయి. అక్కడ తిత్తులున్నవారిలో నూటికి 95 మందికి సిగ్మాయిడ్‌లో తిత్తులుంటాయి. సుమారు 65 మందికి సిగ్మాయిడ్‌లో తప్ప మరెక్కడా ఉండవు. వయస్సుతోపాటు సంఖ్య పెరుగుతుంది; అరవై దాటినవారిలో దాదాపు సగంమందికి ఉంటాయి. 1849లో ఫ్రెంచి శరీరశాస్త్రజ్ఞుడు క్రువెయే వర్ణించినవి కూడా ఇవే.

తూర్పుకు వస్తే బొమ్మ తిరగబడుతుంది. జపాను, కొరియా, చైనా, సింగపూరులలో కుడివైపు తిత్తులే ఎక్కువ. సింగపూరులో 1986లో వెలువడిన శవపరీక్షల నివేదికలోను, 1991లో వెలువడిన ఎక్స్‌రే పరీక్షల నివేదికలోను కుడివైపుదే పైచెయ్యి. అందులో 1991 నివేదిక పట్నవాసం పెరిగిన ఆ చిన్నదేశంలో తిత్తులు ఎక్కువవుతున్నాయని కూడా చూపినది. జపానులో ఒక విశేషం ఉన్నది: మధ్యవయస్కులలో కుడివైపువి ఎక్కువ, వయస్సు పైబడేకొద్దీ ఎడమవైపువి వచ్చి కలుస్తాయి. ముదుసలులు ఎక్కువైన దేశం కాబట్టి మొత్తంమీద ఎడమ వాటా కొంత పెరుగుతున్నది. మన దేశపు ఆసుపత్రుల నివేదికలలో రెండువైపులవారూ కనిపిస్తారు. కాబట్టి ఇంగ్లీషు గ్రంథమో జపాను గ్రంథమో ఒక్కటే పట్టుకొని మన రోగిని చూస్తే పొరపాటు పడవచ్చును.

ఈ తేడా తిండి వల్లనా, రక్తసంబంధం వల్లనా? దీనిని పరీక్షించడానికి ప్రకృతే ఒక ప్రయోగం చేసి పెట్టినది. వేలకొలది జపానువారు చెరకుతోటల పనికి హవాయి దీవులకు వలసపోయారు. వారి సంతతి అమెరికా తిండికి, అమెరికా జీవితానికి అలవాటుపడ్డారు. అక్కడ చనిపోయిన జపాను సంతతివారి పెద్దప్రేగులను పరీక్షించి 1973లో ప్రకటించిన ఫలితాలలో రెండు సంగతులు తేలినవి. తిత్తులు జపానులోకంటె చాలా ఎక్కువమందికి ఉన్నవి. కాని అవి అమెరికావారిలో మాదిరి ఎడమకు జరగలేదు, ఎక్కువభాగం కుడివైపే నిలిచినవి. అంటే ఎంతమందికి వస్తాయి అనేది బ్రతుకుతీరును బట్టి మారినది. ఎక్కడ వస్తాయి అనేది ఓడ దిగినా మారలేదు. ఈ రెండు ప్రశ్నలను కలిపి ఒకటిగా చూడడం వల్లనే చాలాకాలం చిక్కు విడలేదని నా అభిప్రాయం.

వంశపారంపర్యానికి వేరే సాక్ష్యం కూడా దొరికినది. స్వీడను, డెన్మార్కు దేశాలలో కవలలను పోల్చిచూచి 2012, 2013 సంవత్సరాలలో ప్రకటించిన లెక్కల ప్రకారం, ఈ జబ్బు కొందరికి వచ్చి కొందరికి రాకపోవడంలోని తేడాలో 40 నుండి 53 శాతం వరకు వారసత్వానిదే. తక్కినది బ్రతుకుతీరుది. స్వీడనులోనే 2006లో వెలువడిన మరొక అధ్యయనం ప్రకారం, పాశ్చాత్యేతర దేశాలనుండి అక్కడికి వలసపోయినవారు మొదట ఈ జబ్బుతో ఆసుపత్రిలో చేరడం తక్కువ. అక్కడ కాపురమున్న కాలం పెరిగేకొద్దీ అది పెరుగుతూ వచ్చినది. ఖమ్మం, గోదావరి జిల్లాల పిల్లలు ఎందరో నేడు అమెరికాలో, ఐరోపాలో స్థిరపడుతున్నారు. ఈ సంగతి వారికీ వర్తించేదే.

తిండి సంగతి మరికొంత చెప్పవలసి ఉన్నది. ఉగాండాలో చాలాకాలం పనిచేసిన శస్త్రవైద్యుడు డెనిస్ బర్కిట్, పైన చెప్పిన పెయింటరుతో కలిసి 1971లో ఒక ప్రసిద్ధవ్యాసం ప్రకటించాడు. పాశ్చాత్యులు పొట్టు తీసిన పిండి తినడం మొదలుపెట్టిన పిమ్మట ప్రేగులో పదార్థం గట్టిపడి, ఒత్తిడి పెరిగి తిత్తులు వస్తున్నాయని, పీచుగల ముతకతిండి తినే ఆఫ్రికావారికి ఇవి అరుదని వారి వాదం. ఆరేళ్ళు గడిచేసరికి, 1977లో, దక్షిణాఫ్రికా నగరాలలో నివసించే నల్లవారిలో ఈ తిత్తులు కనిపించసాగినవని అక్కడి వైద్యులు ప్రకటించారు. వాదానికి బలం చేకూరినట్లే అయినది.

ఈ వాదం వినగానే మన ఏజెన్సీ ఉపాధ్యాయునికి కోయ, కొండరెడ్డి గూడేల తిండి జ్ఞాపకం వస్తుంది: జొన్నగటక, అంబలి, ఇప్పపువ్వు, తునికిపండ్లు, వెదురుకొమ్ములు, ఆకుకూరలు. “అందుకే మన గూడేలలో ఈ జబ్బు లేదు” అనాలని నాలుక దురద పెడుతుంది. అనకూడదు. తిత్తి తనంతట నొప్పిపెట్టదు. అది ఉన్నట్లు కలవానికే తెలియదు. ఎక్స్‌రేలోనో, కొలనోస్కోపులోనో, సి.టి. స్కానులోనో, శవపరీక్షలోనో చూస్తేనే తెలుస్తుంది. ఏనాడూ ఇవేవీ జరగని ఊరిలో జబ్బు కనబడకపోవడానికి జబ్బు లేకపోవడమే కారణమని ఎలా చెప్పగలం? మూసిన పెట్టెలో బంగారం లేదన్నా ఉన్నదన్నా రెండూ ఒకటే. అదీగాక గూడేలలోనూ జొన్న తగ్గి, రేషను బియ్యమే ప్రధానాహారమైనది. పాత తిండిని పొగడి కొత్త తిండి తినేవారికి అభయమివ్వడం తగదు.

బర్కిట్ వాదానికి కూడా సవరణ వచ్చినది. అమెరికాలో ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయంవారు 2,104 మందికి కొలనోస్కోపీ చేసి, వారి తిండి వివరాలు సేకరించి 2012లో ఫలితాలు ప్రకటించారు. పీచు ఎక్కువ తినేవారిలో తిత్తులు తక్కువగా కనిపించలేదు! అయితే అంతకు ముందటి సంవత్సరం ఇంగ్లండులో సుమారు 47,000 మందిని అనుసరించి చేసిన అధ్యయనంలో శాకాహారులకు, పీచు ఎక్కువ తినేవారికి తిత్తుల జబ్బుతో ఆసుపత్రి పాలయ్యే ప్రమాదం తగ్గినట్లు తేలినది. రెండూ పరస్పరం విరుద్ధమనిపిస్తాయి. కాని మొదటిది తిత్తి ఏర్పడటాన్ని లెక్కించినది. రెండవది ఏర్పడిన తిత్తి బాధపెట్టడాన్ని లెక్కించినది. తిత్తులున్నవారిలో వాపు వచ్చేది నూటికి నలుగురైదుగురికి మాత్రమే. పీచు తిత్తిని ఆపలేకపోయినా, వాపును కొంత ఆపుతున్నదని చెప్పుకోవచ్చును. ఊబకాయం, పొగత్రాగడం, కదలిక లేని జీవితం వాపుకు దోహదం చేస్తాయి. అమెరికాలో 1998కి 2005కి మధ్య తిత్తివాపుతో ఆసుపత్రిలో చేరినవారు 26 శాతం పెరిగారు. అందులో 18 నుండి 44 ఏళ్ళవారిలో ఆ పెరుగుదల 82 శాతం. ముసలితనపు జబ్బు అనే మాట అక్కడ పాతబడినది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు, కుడివైపు నొప్పికి తిరిగి వద్దాము. కుడివైపు తిత్తివాపు ఎడమవైపు దానికంటె చిన్నవయస్సులో వస్తుంది. సాధారణంగా తేలికగా పోతుంది. ప్రేగు పగలడం, చీము వ్యాపించడం తక్కువ. చాలామందికి విశ్రాంతి, ద్రవాహారం, వైద్యుడు అవసరమనుకొంటే ఆంటీబయాటిక్కులు సరిపోతాయి. తేలికపాటి వాపులో ఆంటీబయాటిక్కులు అందరికీ అవసరం కాదని స్వీడను, ఐస్‌లాండు వైద్యులు 623 మంది రోగులపై పరీక్షించి 2012లో చూపారు. వారి రోగులది ఎడమవైపు వాపు. ఉండుకపు వాపు కథ వేరు. దానికి నేటికీ ఆపరేషనే ప్రధానచికిత్స. ఆలస్యమైతే ఉండుకము పగులుతుంది. కాబట్టి రెండింటిని వేరుచేసి గుర్తించగలిగితే ఒకరికి అక్కరలేని కత్తిగాటు తప్పుతుంది. మరొకరికి అవసరమైన కత్తిగాటు సమయానికి పడుతుంది.

వేరుచేయడం సులభమా? ఉండుకపు నొప్పి తరచు బొడ్డుచుట్టూ మొదలై కొన్ని గంటలకు కుడివైపుకు దిగుతుంది. వాంతి, ఆకలి లేకపోవడం ఉంటాయి. తిత్తివాపు నొప్పి మొదటినుంచీ కుడివైపే ఉండి, కొన్ని రోజులుగా నలుగుతూ ఉండవచ్చును, వాంతులు తక్కువ. ఈ గుర్తులు వైద్యుని ఆలోచనకు ఉపకరిస్తాయి గాని తీర్పు చెప్పవు. పూర్వం కుడివైపు తిత్తివాపు రోగులలో అత్యధికులు ఉండుకపు వాపు అనే పేరుతోనే ఆపరేషను బల్ల ఎక్కేవారు. అల్ట్రాసౌండు, సి.టి. స్కాను వచ్చిన తరువాతనే కడుపు తెరవకుండా తిత్తిని చూడడం సాధ్యమైనది.

మారుమూల గూడెంలో ఉన్నవానికి స్కాను అంటే ప్రయాణం. భద్రాచలంనుండి ఖమ్మం నూరు కిలోమీటర్లకు పైమాటే. వర్షాకాలంలో గోదావరి పొంగితే గూడేల దారులు నీట మునుగుతాయి. భద్రాచలం దగ్గర నది 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరిన రోజులను ఈ ప్రాంతంవారు మరువలేదు. అటువంటప్పుడు “తిత్తివాపే కావచ్చు, తగ్గిపోతుందిలే” అని ఇంట్లో కూర్చోవడం ప్రమాదం. పేరు ఏదైనా, కుడివైపు నొప్పి ఆరుగంటలు విడవకుండా ఉంటే, జ్వరం ఉంటే, కదిలితే నొప్పి ఎక్కువైతే, దగ్గరి ఆసుపత్రికి చేర్చడమే పని. ముఖ్యంగా ఆముదం త్రాగించరాదు. కడుపు శుద్ధి అయితే నొప్పి పోతుందని పెద్దలు విరేచనానికి ఇవ్వడం మన ఇళ్ళలో అలవాటు. వాచిన ఉండుకమైనా, వాచిన తిత్తి అయినా, ప్రేగు బలంగా బిగిసినప్పుడు పగిలే ప్రమాదం ఎక్కువవుతుంది.

చివరగా జామగింజల మాట. జామపండు గింజలు ఉండుకంలో ఇరుక్కొని ఇరవైనాలుగు గంటల నొప్పి తెస్తాయని మన తల్లులు పిల్లలను బెదిరిస్తారు. సముద్రానికి ఆవల వైద్యులు కూడా చాలాకాలం తిత్తులున్నవారిని గింజలు, వేరుసెనగలు, మొక్కజొన్న పేలాలు మానవలసినదని శాసించారు. 47,228 మంది పురుషులను 18 ఏళ్ళపాటు గమనించి 2008లో ప్రకటించిన అమెరికా అధ్యయనంలో పప్పుగింజలు, మొక్కజొన్న పేలాలు తిన్నవారికి తిత్తివాపు ఎక్కువ కాలేదు, సరికదా కొంత తక్కువగానే కనిపించినది. ఆ అధ్యయనంలో మన జామపండు లేదు. అయినా సంతలో గంపలకొద్దీ జామపండ్లు వచ్చే రోజులలో పిల్లల చేతులు వెనక్కు లాగవలసిన పని లేదు.